ఇసుక కింద సున్నం

నేను ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మా మేనేజరు, మేము ముదీర్ అనేవాళ్ళం, సమోసా తింటున్నాడు. తినడం ఆపలేదు. రెండోసారి చెప్పినప్పుడు ఫోన్ చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. తర్వాత ఆయన పోయి ఇంకో ముదీర్ వచ్చాడు. ఆయనకీ చెప్పాను. "మెయిల్ పెట్టు" అన్నాడు. పెట్టాను. మేము పనిచేసిన తోటను చూసుకునే కంపెనీ మారింది. కొత్తవాళ్ళకీ చెప్పాను. ఇన్నేళ్ళలో "సరే భాయ్, పద, పోయి చూద్దాం" అన్న మనిషి ఒక్కడు లేడు. వాళ్ళలో ఎవరినీ నేను మరిచిపోలేదు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో కూడా నాకు గుర్తుంది. చెవిలో చెబితే వినలేదు కాబట్టి ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఒక గుంట గురించి. ఎమిరేట్స్‌లోని ఫుజైరా కొండల పక్కన ఒక తోటలో, ఇసుక కింద, మనిషి నడుము దాటేంత లోతు తడి సున్నం ఉంది. ఇంకా ఉందనే నా భయం. దాని చుట్టుపక్కల ఇప్పుడు పిల్లలు పరుగులు పెడుతున్నారు.

మాది రాయచోటి దగ్గర పల్లె. నేను మేస్త్రీనీ కాదు, ఇంజనీరునూ కాదు. స్టోర్ కీపర్‌ని. సిమెంటు, మేకులు, చేతి తొడుగులు, మంచినీళ్ళ డబ్బాలు, ఇవీ నేను చూసుకునేవి. 2020 మొదట్లో నన్ను ఆ తోటకు పంపారు. తోట యజమానిని మేమంతా అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన ఒకసారి కుటుంబంతో పోర్చుగల్ వెళ్ళి, అక్కడి దక్షిణాన అలెంతేజు అనే ప్రాంతంలో పల్లెలు చూసి ముచ్చటపడ్డాడట. సెలవులకు వచ్చేవాళ్ళు అద్దెకు దిగడానికి అలాంటి ఇళ్ళే తన తోటలో కట్టించాలనుకున్నాడు. తెల్లటి గోడలు, గోడల అడుగున మోకాలెత్తు నీలం పట్టీ, తలుపుల చుట్టూ అదే నీలం, ఇంటికన్నా పెద్దగా కనిపించే పొగగొట్టాలు, మధ్యలో ఊరందరికీ కలిపి ఒక రొట్టెల పొయ్యి. గోడలు మనవాళ్ళే సిమెంటు బ్లాకులతో లేపేశారు. కానీ వెల్ల మాత్రం అక్కడి పద్ధతిలో అసలైన సున్నంతోనే వేయాలని అర్బాబ్ పట్టు.

ఆ పని కోసం అక్కడి నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎండకు కాలిన మొహం, పొట్టి జుట్టు, పెద్ద పెద్ద చేతులు. చిన్నప్పుడు తల్లి వెంట ఇళ్ళకు వెల్ల వేయడానికి పోయేదట. ఆ ఊళ్ళలో వెల్ల ఆడవాళ్ళ పని. పెద్దయ్యాక పాత ఇళ్ళు బాగుచేయడమే ఆమె ఉద్యోగం అయింది. మేము సున్నం మేడం అనేవాళ్ళం. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు నాకు వచ్చినంతే కాబట్టి మా మాటలు బాగానే సాగేవి. నాతో సమానంగా కూర్చుని టీ తాగిన మేనేజరు స్థాయి మనిషి ఆ సైటులో ఆమె ఒక్కతే.

టీ వేళ తన ఊరి గురించి చెప్పేది. ఆ ప్రాంతమంతా కనుచూపు మేర గోధుమ పొలాలు, బెరడు ఒలిచే చెట్లు. ఆ బెరడుతోనే సీసాలకు బిరడాలు చేస్తారు. ఒకసారి బెరడు ఒలిస్తే మళ్ళీ తొమ్మిదేళ్ళ దాకా ఆ చెట్టును ముట్టరు. ఏ ఏడు ఒలిచారో గుర్తుండేలా కాండం మీద అంకె వేస్తారు. పొలాలన్నీ కొద్దిమంది దొరలవి. వాళ్ళు రాజధానిలో ఉండేవాళ్ళు. ఆమె తండ్రి లాంటి వాళ్ళు తెల్లారేసరికి ఊరి మధ్య బజారులో నిలబడితే, దొర మనిషి వచ్చి "నువ్వు రా, నువ్వు రా" అని వేలు చూపేవాడు. వేలు చూపని వాడికి ఆ రోజు పని లేదు.

ఇది విని మా మేస్త్రి నవ్వాడు. అతనిది జగిత్యాల వైపు పల్లె. "గిది మన లేబర్ అడ్డానే గదా భాయ్! గాళ్ళ తాన గూడ గిదే లొల్లి ఉండెనా?"

నేను ఆమెకు ఆ మాట అర్థమయ్యేలా చెప్పాను. ఆమె నవ్వలేదు. నియంత ప్రభుత్వం పడిపోయినప్పుడు కూలీలంతా కలిసి ఆ పొలాల్లోకి నడిచి పోయారని, తన తండ్రి ట్రాక్టరు మీద నిలబడి ఏడ్చాడని చెప్పింది. తర్వాత కొన్నేళ్ళకు చాలా పొలాలు మళ్ళీ దొరల చేతికే పోయాయట. పిల్లలు పట్నాలకూ పరదేశాలకూ పోయారు. ఇప్పుడు ఊళ్ళో మనుషులకన్నా పొగగొట్టాల మీద గూళ్ళు కట్టే కొంగలే ఎక్కువ అంది.

ఒక శుక్రవారం ఆమె ఆ ఊరి వంట చేసి అందరికీ పెట్టింది. ఎండిన రొట్టె ముక్కల మీద వెల్లుల్లి, కొత్తిమీర, ఆలివ్ నూనె కలిపిన వేడి నీళ్ళు పోసి, పైన ఉడికీ ఉడకని గుడ్డు. పేదల తిండి అట. నేను ఆ పూట లారీ దించుకుంటున్నాను. కొత్తిమీర వాసన స్టోరు దాకా వచ్చింది. నాకు ఒక గిన్నె పక్కన పెట్టాలని ఒక్కడికీ తోచలేదు. ఆమెకు నేను రాలేదని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తీసిన ఫోటోలో నేను లేనని మేస్త్రి తర్వాత నవ్వుతూ చూపించాడు. సరే, అది పోనీ.

సున్నం గడ్డలు లారీలో వచ్చాయి. పొయ్యి కట్టిన చోటుకు వెనకాల లోతుగా గుంట తవ్వించి, లోపల రాళ్ళు పేర్పించి, సగానికి నీళ్ళు పోయించింది. మా అందరి చేతులకూ మొహాలకూ ఆలివ్ నూనె పట్టించింది, కళ్ళద్దాలు పెట్టించింది. గడ్డలు వేయడం మొదలుపెట్టగానే గుంట బుసకొట్టింది. చూస్తుండగానే నీళ్ళు తెర్లాయి. మంట లేదు, కట్టె లేదు, నేల తనంతట తనే ఉడుకుతోంది. గడ్డలు లోపల పటపట పగులుతున్నాయి. ఆవిరి మొహానికి కొడితే ఊపిరి అందలేదు. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. ముదీర్ అది చూశాడు. ఆయన హైదరాబాదు మనిషి.

"అరే, స్టోర్ సాబ్ ఉరుకుతుండు చూడుండ్రి! భాయ్, నువ్వు జర సిమెంటు బస్తాలు లెక్కవెట్టుకో పో. గిది మగోళ్ళ పని."

ఆ పని చేయిస్తున్నది ఒక ముసలావిడ అన్న సంగతి ఆయనకు తట్టలేదు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు సున్నం సాబ్ అయింది.

ఉడుకు తగ్గాక గుంటలో వెన్నలాంటి తెల్లటి ముద్ద మిగిలింది. దాని మీద కొంచెం నీళ్ళు నిలబెట్టి, గోనెపట్టాలు పరిచి, పైన జానెడు మందాన తడి ఇసుక కప్పించింది. అది వాళ్ళ ఊరి పద్ధతి. గాలి తగలకుండా ఇసుక కింద ఎంత కాలం మగ్గితే సున్నం అంత మెత్తన. కూతురు పుట్టినప్పుడు వేసిన సున్నం ఆమె పెళ్ళికి తీసి కొత్త ఇంటికి కొట్టేవాళ్ళట. గాలి తగలనంత కాలం అది గట్టిపడదు, దాని మంటా చావదు అంది.

పని అయ్యాక అక్కడ నిలబడి చూశాను. గుంట ఎక్కడుందో కనిపించలేదు. వాళ్ళ ఊళ్ళో నేల ఎర్రగానో నల్లగానో ఉంటుంది. ఇసుక కప్పితే ఇసుకే కనిపిస్తుంది. ఇక్కడ ఏ వైపు చూసినా ఇసుకే. ఇసుక దేశంలో గుంటను ఇసుకతో కప్పాం.

"మేడం, మీ ఊళ్ళో దీని చుట్టూ కంచె ఉంటుందా?" అని అడిగాను.

"కంచె ఎందుకు?"

"ఎవరైనా అడుగేస్తే?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "అందరికీ తెలుసు కదా, అది ఎక్కడుందో."

తన చిన్నప్పుడు ఆ చోటు దగ్గరికి పోయిన ప్రతిసారీ తల్లి చెవి మెలిపెట్టేదట. పక్కింటావిడా మెలిపెట్టేదట. చూపు పోయిన తాత కూడా అక్కడికి వచ్చేసరికి తనంతట తనే పక్కకు తిరిగి నడిచేవాడట. ఆ ఊళ్ళో పుట్టిన వాడికి ఆ చోటు కాళ్ళకే తెలుస్తుందని చెప్పింది. ఎంతో గర్వంగా చెప్పింది. మాకు చెవి మెలిపెట్టేవాళ్ళు ఎవరున్నారు? మేమంతా వీసా ఉన్నన్నాళ్ళు ఉండి పోయేవాళ్ళం. ఆ సైటులో అందరికన్నా పాతవాడు కూడా ఆ నేలకు కొత్తవాడే.

మేస్త్రితో అన్నాను, కంచె కడదామని.

"గీడ గుంత ఉన్నదని అందరికి ఎర్కే భాయ్. మనమే తవ్వితిమి గదా. గింత దానికి కంచె ఎందుకే?"

"అందరూ అంటే ఎవురప్పా? రేప్పొద్దున నువ్వు ఊరికి పోతివి, నేను పోతిని. అప్పుడెవురికి తెలుస్తాది?"

"పోయినంక సూద్దాం తియ్యి. నువ్వు మస్తు భయపడతవ్ భాయ్."

మేడం నా మాట కోసం చుట్టూ రాళ్ళు పెట్టించింది. ఆమె ఒక్కతే ఆ మాత్రం చేసింది.

మార్చిలో కరోనా వచ్చింది. పని ఆగింది. మేడంను వాళ్ళ దేశం వాళ్ళ కోసం వేసిన విమానంలో పంపేశారు. పోయే ముందు మూతికి గుడ్డ కట్టుకుని దూరం నుంచే గుంట వైపు చెయ్యి చూపించి, "తడి ఆరనివ్వకు" అంది. మమ్మల్ని తోటలోనే ఉంచి గేటుకు తాళం వేశారు. రోజూ ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరిని అంబులెన్సు తీసుకుపోయిందో అన్న కబుర్లే. ఊపిరి గురించి అందరూ భయపడుతుంటే నేను ఊపిరితో పాటు నేల గురించి కూడా భయపడ్డాను. పొద్దున్నే పైపు పట్టుకుని ఇసుక తడిపేటప్పుడు రాళ్ళకు అవతలే నిలబడేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం గాలి లేచింది. రేకుల మీద కప్పిన టార్పాలిన్ ఎగిరిపోతుంటే మనవాళ్ళు దొరికిన రాయల్లా తెచ్చి దాని మీద పెట్టారు. ఆ రాళ్ళు గుంట చుట్టూ ఉన్నవే. గాలి తగ్గాక నేను వెనక్కి పోయి చూస్తే రాళ్ళూ లేవు, తడి మచ్చా లేదు. కొత్త ఇసుక పరుచుకుని ఉంది.

ఆ వారమే కొండ మీది మేకలు గోడ సందులోంచి లోపలికి వచ్చాయి. అవి ఎప్పుడూ వచ్చేవే. నేను స్టోరు గుమ్మంలో ఉన్నాను. ఒక మేక పొయ్యి వెనక్కి పోయింది. అరుపు వినిపించింది. పోయి చూస్తే ముందుకాళ్ళు లోపలికి పోయి, గడ్డం దాకా తెల్లగా అయి ఉంది. కదిలినకొద్దీ దిగుతోంది. మేస్త్రి తాడు వేసి లాగాడు. బయటికి వచ్చింది కానీ నిలబడలేదు. దాని కళ్ళు పాలరాయిలా అయిపోయాయి. నీళ్ళు పోసినకొద్దీ అరిచింది. సాయంత్రానికి అరుపు ఆగింది. నేను ఆ రోజు అన్నం తినలేదు. మేస్త్రి కూడా తినలేదు. మొదటిసారి అతను నన్ను చూసి నవ్వలేదు.

ఇప్పటికైనా వింటాడని ముదీర్‌కు ఫోన్ చేశాను. ఆయన దుబాయ్‌లో తన ఇంట్లో ఉన్నాడు.

"అరే భాయ్, ఎందుకంత పరేషాన్ అయితున్నవ్? ఒక్క మేకనే గదా. దాని మాలిక్‌తోని నేను మాట్లాడుత. ఖలాస్."

"సార్, అదే మనిషైతే?"

"మనుషులకు కండ్లు ఉంటయ్ కదా సున్నం సాబ్!"

ఎరుపూ తెలుపూ చారల టేపు ఒక చుట్ట ఇచ్చి కట్టమన్నారు. కట్టాను. గాలి తీసుకుపోయింది. అప్పుడు నేనే ఒక ఇనుప డ్రమ్ము దొర్లించుకొచ్చి, గుంట అంచున నిలబెట్టి, అందులో కంకర నింపి, ఎర్ర రంగు పూశాను. రెండేళ్ళు అది అక్కడే ఉంది. ఆ రెండేళ్ళే నేను కొంచెం నిద్రపోయింది.

మేడం తిరిగి రాలేదు. అర్బాబ్‌కు ఓపిక అయిపోయి గోడలకు డబ్బాల్లో వచ్చే తెల్ల పెయింటు కొట్టించాడు. నీలం పట్టీ కూడా పెయింటే. సున్నం ఎవరికీ అక్కర లేకుండా పోయింది. తీసి పారేయించండి అని అడిగితే, లారీ పెట్టాలి, మనుషులు కావాలి, తర్వాత చూద్దాం అన్నారు.

2022 వేసవిలో ఫుజైరాకు వరద వచ్చింది. కొండల మీంచి నీళ్ళు, రాళ్ళు, బురద. మమ్మల్ని ఒక బడికి తరలించారు. తిరిగి వచ్చేసరికి తోట వెనక భాగమంతా పలక చేసినట్టు చదునుగా ఉంది. రొట్టెల పొయ్యి కూలిపోయింది. నా డ్రమ్ము ప్రహరీ గోడకు ఆనుకుని పడి ఉంది.

శుభ్రం చేయడానికి కొత్త మనుషులను తెచ్చారు. నేను స్టోరులో తడిసిన బస్తాలు తీయిస్తుండగా వాళ్ళు ఆ డ్రమ్మును లేపి తమకు తోచిన చోట నిలబెట్టారు. ఎందుకు అక్కడ పెట్టారని అడిగితే, "ముదీర్ నే బోలా" అన్నారు, ముదీరే చెప్పాడట. ఇదే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది. గుర్తు లేకపోతే మనిషి ఎక్కడైనా జాగ్రత్తగా నడుస్తాడు. తప్పు చోట గుర్తు ఉంటే, దాన్ని తప్పించుకుని నేరుగా గుంటలోకే నడుస్తాడు. నేను డ్రమ్మును అక్కడి నుంచి తీయించబోతే, అప్పటి కొత్త ముదీర్, మెయిల్ పెట్టమన్న ఆయనే, ఎర్ర డ్రమ్ము అందంగా లేదని దాన్ని చెత్తలోకే పంపేశాడు.

పొయ్యి లేకపోయేసరికి ఆ చోటు నాకూ తేలక మేడంకు ఫోన్ చేశాను. ఆమె గొంతు నీరసంగా ఉంది. గుంట ఎక్కడుందో గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు గుర్తుండదు? పొయ్యి నోటికి ఎదురుగా నిలబడు. పొయ్యి వెనక, ఎడమ భుజం వైపు."

"పొయ్యి కూలిపోయింది మేడం. ఇంకోచోట కడుతున్నారు."

"అయితే ఎవరినీ అటు పోనివ్వకు" అంది ఆమె. ఆ తర్వాత రెండుసార్లు చేస్తే ఫోన్ మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ నంబరు మోగడం కూడా లేదు.

2023లో నన్ను రువైస్‌కు మార్చారు. దేశానికి ఆ కొస అది, ఈ కొస ఇది. మారుస్తున్నామని చెప్పినప్పుడు గుంట సంగతి మళ్ళీ ఎత్తాను. "ఇదిగో, ఇందుకే నిన్ను మారుస్తున్నాం" అన్నాడు ఆ ముదీర్. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మీద నాకు ఇంకా మంట ఉంది. మేస్త్రి కూడా వీసా అయిపోయి జగిత్యాల పోయాడు. ఆ ఏడాదికల్లా గుంట తవ్విన చేతుల్లో ఒక్క చెయ్యీ ఆ తోటలో మిగలలేదు.

రువైస్‌లో నేను ఇసుక మీద నడవను. క్యాంపు నుంచి స్టోరుకు అడ్డదారి ఉన్నా రోడ్డు చుట్టి పోతాను. మావాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. రోజూ మనసులో ఆ తోటను గీసుకుంటాను, మరిచిపోకూడదని. మొదట్లో గుంట పొయ్యి వెనక స్పష్టంగా కనిపించేది. ఈ మధ్య ఒకసారి గోడ వైపుకు జరిగి కనిపిస్తోంది, ఒకసారి ఖర్జూరం చెట్ల వైపుకు. ఆ నేల గురించి తెలిసిన కాళ్ళు నావి మాత్రమే మిగిలాయి. అవీ తడబడుతున్నాయి.

మొన్న మేస్త్రి ఊరి నుంచి ఒక వీడియో పంపాడు. ఆ తోట తెరిచారట. "అలెంతేజు పల్లె చరిత్ర, వారసత్వం" అని పెద్ద బోర్డు. తెల్ల గోడలు, నీలం పట్టీలు, బొమ్మ కొంగ ఒకటి పొగగొట్టం మీద. వెనకాల మొత్తం ప్లాస్టిక్ పచ్చగడ్డి పరిచి, పిల్లలు గెంతే గాలి బొమ్మలు పెట్టారు. "భాయ్, గది మన గుంత జాగనేనా?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనకటి నవ్వు ఆ గొంతులో లేదు.

ఒక ఆదివారం సెలవు పెట్టుకుని బస్సులు మారి ఫుజైరా పోయాను. గేటు దగ్గర గార్డు ఆపాడు.

"భాయ్, బుకింగ్ హై క్యా?"

బుకింగ్ లేదని, ఈ గోడల సిమెంటు నా చేతుల మీదుగా పోయిందని చెప్పాను. అతను నా చొక్కా, నా చెప్పులు చూశాడు. లోపలికి ఫోన్ చేసి ఇచ్చాడు. నేను గుంట అనేసరికి అవతలి మనిషి, "సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది, మీరు ఎవరు?" అన్నాడు. చెప్పేలోగా పెట్టేశాడు. గార్డు మాత్రం మంచివాడు, నీళ్ళిచ్చాడు. గేటు సందులోంచి, ఇళ్ళ మధ్యగా వెనక భాగం చూశాను. ఒక చోట ఆ పచ్చగడ్డి చాప కొంచెం దిగి ఉంది, పరుపు మీద ఎవరో కూర్చుని లేచినట్టు. నీడ కావచ్చు. వరద మట్టి దిగి ఉండొచ్చు. ఒక చిన్న పిల్ల దాని మీదుగా చెప్పులు లేకుండా పరిగెత్తింది. పిల్ల అవతలికి చేరాక ఊపిరి తీసుకున్నాను. వెంటనే ఇంకో పిల్లవాడు పరిగెత్తాడు.

ఆ ఊరి రంగు తెచ్చారు, పొయ్యి తెచ్చారు, కొంగను కూడా తెచ్చారు. అటు పోవద్దని చెవి మెలిపెట్టే మనిషిని తేలేదు. ఉన్న ఒక్కడినీ గేటు బయట నిలబెట్టారు.

నాకు క్షమాపణలు అక్కర్లేదు. సున్నం సాబ్ అని ఇంకో పదేళ్ళు పిలుచుకోండి. అర్బాబ్ గారూ, ముదీర్లూ, బోర్డు పెట్టిన కంపెనీ వాళ్ళూ, మీలో ఎవరైనా సరే. ఆ గడ్డి చాప లేపండి. పొడవాటి ఇనుప చువ్వ తీసుకుని ఆ వెనక భాగమంతా అడుగడుక్కూ గుచ్చండి. ఎక్కడైనా చువ్వ తేలిగ్గా దిగితే బయటికి లాగి చూడండి. అది తెల్లగా వచ్చిందా, మట్టితో వచ్చిందా? నాకు కావలసింది ఈ ఒక్క జవాబు. చెప్పండి.